వొళ్ళు పట్టే చేతులు

"నూనె పట్టించుకుని, కాపడం పెట్టించుకుని, గంటన్నరసేపు కళ్ళు మూసుకు పడుకున్నందుకు పదిహేను వందలు చెల్లించి వచ్చిన మనిషికి, మర్నాడు క్లాసులో శ్రమదోపిడీని గురించి మాట్లాడే నైతిక హక్కు వుంటుందా?" మా కళాశాల స్టాఫ్ రూములో ఒక సహాధ్యాపకుడు నన్ను అడిగిన ప్రశ్న యిది. ఆయన నవ్వుతూనే అడిగాడు. నేనూ నవ్వేశాను. కాని ఆ ప్రశ్న నన్ను విడిచిపెట్టలేదు. అడిగినవాడు నీతివాక్యాలు వల్లించే రకం కాదు. సంఘం పనికి అర్ధరాత్రి పిలిచినా చెప్పులు వేసుకుని బయలుదేరేవాడు. అటువంటివాడు అడిగినప్పుడు దులిపేసుకుని పోవటానికి వీలులేదు. ఆనాడు నేను చెప్పలేకపోయిన జవాబును యిక్కడ వెతుక్కుంటున్నాను. అది ఆయనకు తృప్తి కలిగిస్తుందో లేదో నాకు తెలియదు.

మొదట జరిగినదేమిటో చెప్పాలి. వేసవిలో జవాబు పత్రాలు దిద్దే పనికి వెళ్ళాను. ఇరుకు బల్ల, ఎత్తు చాలని కుర్చీ, తలవంచితే సాయంత్రానికిగాని ఎత్తే తీరిక లేని పని. పదిరోజులు గడిచేసరికి మెడ దగ్గర మొదలైన నొప్పి భుజం మీదుగా మోచేతి దాకా దిగింది. నల్లబల్ల మీద రాయటానికి చెయ్యి లేవటం మానేసింది. ఎముకల డాక్టరు చూసి, ఎముకలో దోషమేమీ లేదన్నాడు. కండరాలు బిగుసుకున్నాయి, విశ్రాంతి తీసుకోండి అన్నాడు. ఆయన రాసిచ్చిన చీటీలో మందుల షాపులో దొరకనిది ఆ విశ్రాంతి ఒక్కటే. మా పాత విద్యార్థిని ఒకామె చెప్పగా, విజయనగరంలో ఈమధ్య తెరిచిన ఒక మర్దన కేంద్రానికి వెళ్ళాను.

చిన్న గది. పొడుగాటి చెక్కబల్ల. నిమ్మగడ్డి వాసన, దాని వెనకాల ఏదో పువ్వు వాసన. లావెండర్ అని తరువాత చెప్పారు. పాతికేళ్ళ అమ్మాయి వచ్చి, గోరువెచ్చని నువ్వులనూనెలో ఆ పరిమళ తైలం చుక్కలు కలిపి, వెన్నెముకకు అటూ యిటూ బొటనవేళ్ళతో పైనుంచి కిందికి నొక్కుకుంటూ వచ్చింది. తరువాత కాపడం. వావిలాకు, ఆముదపాకు, నిమ్మచెక్కలు, కొబ్బరికోరు నూనెలో వేయించి గుడ్డమూటలు కట్టారు. ఒక మూట పెనం మీద వేడెక్కుతుండగా రెండవది నా భుజం మీద ఆడుతుంటుంది. నేను గమనించిన విషయం ఒకటి చెప్పాలి. ప్రతి మూటనూ నా వొంటికి తాకించే ముందు ఆ అమ్మాయి తన మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకునేది. "వేడి ఎక్కువైతే సెప్పండి మేడం" అనేది. ఎక్కువ కాలేదు. ఎక్కువైన వేడి ఆమె మణికట్టు దగ్గరే ఆగిపోయింది గదా!

కొంతసేపటికి నిద్ర పట్టేసింది. లేచేసరికి మెడ తిరిగింది. ఆ సుఖాన్ని తక్కువ చేసి చెప్పటం నాకు యిష్టం లేదు. రెండు నెలలుగా నా వొళ్ళు నాకు బరువుగా వుండేది. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆకాశం చూశాను. అంతవరకు చూడటానికి మెడ లేదు.

ఇందులో మంత్రమేమీ లేదు. వేడి తగిలితే రక్తనాళాలు విచ్చుకుంటాయి, బిగిసిన కండరం సడలుతుంది. పరిమళ తైలమంటే ఆకునుంచో పువ్వునుంచో ఆవిరి పట్టి దించిన సారం. గాలికి యిట్టే ఎగిరిపోయే గుణం కలది గనుకనే ముక్కుకు అంత త్వరగా అందుతుంది. వాసనను మోసుకుపోయే నరాలకు, మెదడులో జ్ఞాపకాలూ ఉద్వేగాలూ నడిచే భాగాలకూ దగ్గర చుట్టరికం వున్నది. అయితే వ్యాపార ప్రకటనలు చెప్పే గొప్పలన్నీ నమ్మనక్కరలేదు. నడుంనొప్పికి మర్దన ఏమేరకు పనిచేస్తుందో అంతవరకు జరిగిన పరీక్షలను పోగుచేసి పరిశీలించిన 2015 నాటి కోక్రేన్ సమీక్ష, కొద్దికాలం పాటు కొంత ఉపశమనం కనిపిస్తున్నదనీ, ఆ ఆధారాలు కూడా బలహీనమైనవేననీ తేల్చింది. నా మెడ కూడా ఆ సమీక్షతో ఏకీభవించింది. మూడవ వారానికి నొప్పి తిరిగి వచ్చింది.

ఇక్కడ మనుచరిత్ర చదివినవారికి ప్రవరుడు గుర్తుకు రాకపోడు. సిద్ధుడిచ్చిన పసరు పాదాలకు పూసుకుని క్షణంలో హిమాలయం చేరిన బ్రాహ్మణుడు, ఆ పసరు మంచుకు కరిగిపోయాక యింటికి దారి తెలియక దిక్కులు చూశాడు. పైపూత చేసే పని అంతే. మనలను ఉన్నచోటునుంచి కాసేపు లేవనెత్తుతుంది. ఉన్నచోటును మాత్రం మార్చదు. నా బల్ల ఇరుకుగానే వుంది, కుర్చీ ఎత్తు పెరగలేదు.

మరి యిందులో తప్పు ఎక్కడున్నది? మా మిత్రుని ఉద్దేశంలో తప్పు సుఖంలోనే వున్నది. కష్టజీవుల పక్షం వహించినవాడు కష్టపడుతూ వుండాలి. మెత్తని పరుపూ సువాసనా వర్గశత్రువు లక్షణాలు. ఈ అభిప్రాయం మనలో చాలామందికి వున్నది. మాసిన చొక్కాను నిబద్ధతకు గుర్తుగా భావించే విద్యార్థులను నేను ఏటా చూస్తున్నాను. వారి నిజాయితీ మీద నాకు గౌరవం వుంది. కాని యిది భౌతికవాదం కాదు. శరీరాన్ని శత్రువుగా చూడమని చెప్పింది సన్యాసులు. శరీరమే మనిషి అని, ఆకలీ అలసటా ఆత్మకు పట్టిన మాయలు కావు, నిజాలని వాదించేవారు శరీరసుఖాన్ని చూసి ముఖం తిప్పుకోవటం విచిత్రం.

మార్క్సు 1874, 75, 76 సంవత్సరాల వేసవుల్లో కార్ల్స్‌బాడ్ అనే ఊష్ణజలాల ఊరికి వైద్యంకోసం వెళ్ళాడు. కాలేయం బాగుండలేదు, నిద్ర పట్టేది కాదు. 1874లో కూతురు ఎలినార్ వెంట వెళ్ళింది. పోలీసుల కన్ను పడకుండా, ఆస్తిపరుడైన పెద్దమనిషినని రిజిస్టరులో రాయించుకున్నాడు. ఆ హోదాకు తగ్గట్టు ఊరి పన్ను కూడా రెట్టింపు కట్టవలసి వచ్చింది. పెట్టుబడిని విశ్లేషించినవాడు ఆస్తిపరుడి పన్ను కట్టి వేన్నీళ్ళ ఊటల దగ్గర విశ్రాంతి తీసుకున్నందుకు ఆ విశ్లేషణలో ఒక్క అక్షరం చెరిగిపోలేదు. ఆయన అల్లుడు పాల్ లఫార్గ్ ఒకడుగు ముందుకు వేసి, 1880లో సోమరితనపు హక్కును గురించే పుస్తకం రాశాడు. పని హక్కు కోసం కొట్లాడే కార్మికులు విశ్రాంతి హక్కును ఎందుకు అడగరని దబాయించాడు. 1920 డిసెంబరులో, అంతర్యుద్ధపు పొగ యింకా ఆరకుండానే, క్రైమియాలోని జమీందార్ల భవనాలను శ్రామికుల చికిత్సకోసం వినియోగించాలని లెనిన్ ఉత్తర్వు జారీచేశాడు. దేశం ఆకలితో వున్నప్పుడు విశ్రాంతి భవనాలేమిటని ఆయన అనుకోలేదు.

అంతదూరం పోనక్కరలేదు. మన రాజ్యాంగం 43వ అధికరణం, కార్మికులకు బ్రతకటానికి చాలినంత వేతనంతోపాటు తీరికను పూర్తిగా అనుభవించగల పరిస్థితులు కల్పించటానికి రాజ్యం పాటుపడాలని చెపుతున్నది. ఆదేశసూత్రం గనుక కోర్టుకు పోవటానికి వీలులేదనుకోండి. 1948లో ప్రపంచ మానవహక్కుల ప్రకటన 24వ అధికరణంలో విశ్రాంతిని హక్కుగా రాసింది. అదే సంవత్సరం వచ్చిన మన ఫ్యాక్టరీల చట్టం రోజుకు తొమ్మిది గంటలని గీత గీసింది. 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం ఆ తొమ్మిదిని పది చేయటానికి సమ్మతించింది. గీత జరుగుతున్నది, ఏ వైపుకో చెప్పనక్కరలేదు. ఒకవంక పనిగంటలు పెరుగుతూ, మరొకవంక సడలింపు, ప్రశాంతత అనే పేర్లతో దుకాణాలు వెలుస్తూ వుండటం కాకతాళీయమని నేను అనుకోలేను. అలసటను తయారుచేసే వ్యవస్థే అలసట తీర్చే సరుకును కూడా అమ్ముతున్నది. ఆ సరుకు కొనగలిగినవాడికి అలసట కాస్త తక్కువ, కొనలేనివాడికి ఎక్కువ. ఈ లెక్క మనకు తెలిసినదే.

కనుక విశ్రాంతి తీసుకున్నందుకు నేను సిగ్గుపడలేదు. నన్ను నిలదీసింది వేరొకటి.

ఆ వావిలాకు వాసన నన్ను మా అమ్మమ్మ యింటి పెరట్లోకి తీసుకుపోయింది. నా తమ్ముడు పుట్టినప్పుడు నాకు ఆరేళ్ళు. ఊరి మంత్రసాని రోజూ పొద్దున్నే వచ్చేది. కాళ్ళు బారచాపుకుని, పసివాడిని కాళ్ళమీద పడుకోబెట్టుకుని, ఆముదం పట్టించి, చేతులూ కాళ్ళూ సాగదీసి, వేన్నీళ్ళు పోసేది. తరువాత అమ్మ వంతు. నడుం మీద, పొట్ట మీద నూనె పోసి తోమి, వావిలాకు మరగబెట్టిన నీళ్ళతో స్నానం చేయించి, జుట్టుకు సాంబ్రాణి పొగ వేసేది. నేను పదిహేను వందలు పెట్టి కొన్నదంతా అప్పుడు మా పెరట్లో వుంది. చల్లని గదీ, పువ్వు వాసనా తప్ప. ఆమెకు యిచ్చింది చేటెడు బియ్యం, పురిటి శుద్ధినాడు ఒక చీర, కాసిని డబ్బులు. ఆమె పెరటి దారినే వచ్చి పెరటి దారినే వెళ్ళేది. వెళ్ళాక అమ్మమ్మ ఆమె కూర్చున్నచోట పసుపునీళ్ళు చల్లేది. నూనె జిడ్డు పోవటానికి వేన్నీళ్ళు పోశారు, సరే. ఆ పసుపునీళ్ళు దేన్ని పోగొట్టటానికి?

మన సమాజంలో నాయీబ్రాహ్మణ కుటుంబాలవారు మగవారికి క్షౌరమూ తలంటూ, ఆడవారు పురుళ్ళూ చూసేవారు. మనిషి శరీరాన్ని తల్లి తరువాత అంత దగ్గరగా ఎరిగినవారు వారే. పుట్టిన బిడ్డను మొట్టమొదట పట్టుకున్న చేతులను తాకరానివిగా ఎంచిన నాగరికత మనది. స్పర్శ కావాలి, స్పృశించినవాడు వద్దు. ఇంతకంటె నగ్నంగా వర్ణవ్యవస్థ తన స్వరూపాన్ని మరెక్కడా బయటపెట్టుకోలేదనిపిస్తుంది. వాగ్భటుడు అష్టాంగహృదయంలో దినచర్య రాస్తూ, రోజూ అభ్యంగం చేసుకోమన్నాడు. తలకు, చెవులకు, పాదాలకు విశేషంగా పట్టించమన్నాడు. ముసలితనం, శ్రమ, వాతం తగ్గుతాయన్నాడు. అజీర్ణంతో వున్నవాడు మానుకోవాలని కూడా చెప్పాడు. వైద్యుడుగా ఆయన పరిశీలన గొప్పది. కాని ఆ దినచర్య ఎవరి దినచర్య? తెల్లవారకముందే నాగలి కట్టవలసినవాడిదా? నూనె పట్టించుకునేవాడి దినం అందులో వుంది, పట్టించేవాడి దినం లేదు. మన పల్లెల్లో కూలివాడి తలకు కడుపునిండా నూనె తగిలేది భోగికో దీపావళికో. ఆమాత్రం సుఖం కూడా పండుగ చాటున రావలసిందే.

భాషను చూడండి. "వొళ్ళు దాచుకోకుండా పనిచేస్తాడు" అని మెచ్చుకుంటాం. అనగా, తన శరీరాన్ని తాను కాస్త కాపాడుకోవటం దొంగతనమన్నమాట! దాచుకోవటమనే మాట దొంగసొత్తుకు గదా వాడతాం. వొళ్ళు ఎవరిది, దాచుకున్నాడని ఫిర్యాదు చేసేదెవరు? "కాళ్ళు పట్టటం" సేవ, "కాళ్ళు పట్టుకోవటం" శరణాగతి. రెంటికీ మధ్య ఒక్క ప్రత్యయమే తేడా. లక్ష్మీదేవి విష్ణువు కాళ్ళు వొత్తే క్యాలెండరు ప్రతి యింటి గోడ మీదా వుంది. విష్ణువు లేచి కూర్చుని ఆమె కాళ్ళు వొత్తే క్యాలెండరును ఏ అచ్చాఫీసువాడూ వేయలేదు. ఇక "వొళ్ళంతా నూనె రాసుకుని యిసుకలో పొర్లినా అంటేదే అంటుతుంది" అన్న సామెత వుండనే వుంది. రాసుకోవటానికి నూనె లేనివాడిచేత కూడా ఆ సామెతను అనిపించగలగటంలోనే కర్మసిద్ధాంతపు చాకచక్యమంతా వున్నది.

మళ్ళీ ఆ గదికి వస్తాను. రెండవసారి వెళ్ళినప్పుడు ఆ అమ్మాయితో మాట కలిసింది. ఆమెది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు. మరో ముగ్గురమ్మాయిలతో కలిసి యిక్కడ గది అద్దెకు తీసుకుని వుంటున్నది. రోజుకు ఆరుగురు, సెలవు రోజుల్లో ఎనిమిదిమంది. నెలజీతం, తలకింత అని లేదు. పని అయ్యాక ఆమె చేతిసంచిలోనుంచి ఒక బిళ్ళ తీసి మింగటం చూశాను. మణికట్టు నొప్పికట. బొటనవేలు మొదట్లో పట్టేస్తున్నదట. పొద్దున్న కొళాయి తిప్పటానికి కూడా కష్టంగా వుందట.

"రోజూ మింగకమ్మా, ఆ బిళ్ళలు కిడ్నీలకు మంచివి కావు" అన్నాను.

"మాకు తెల్దేటండి? మా పెద్దనాన్న పలాస ఆస్పత్రికెల్తన్నాడు మేడం, వోరానికి రెండుసార్లు, డయాలసిస్‌కి."

"మరి తెలిసీ మింగుతున్నావా?"

"పొద్దున్నే మల్లా సెయ్యి లెగాల గదండీ."

నేను మాట్లాడలేకపోయాను.

ఉద్దానం సంగతి పాఠకులకు కొత్త కాదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి తోటల మధ్య, జీడితోటల మధ్య ఏళ్ళ తరబడి మూత్రపిండాలు పాడై మనుషులు పోతున్నారు. కారణం యిదీ అని శాస్త్రజ్ఞులు యింకా తేల్చలేదు. నేలనీటిలోని ఖనిజాలా, పురుగుమందులా, వంశంలో వచ్చే గుణమా, ఎండలో నీళ్ళు లేకుండా చేసే చాకిరీనా, నొప్పి బిళ్ళలా అని వాదాలు నడుస్తున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో రెండువందల పడకల ఆస్పత్రి, పరిశోధనా కేంద్రం తెరిచారు. ఆలస్యంగానైనా మంచి పని. మధ్య అమెరికాలో, నికరాగ్వా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకు కోత కార్మికుల్లో కూడా యిటువంటి జబ్బే వున్నది. అక్కడ పొలాల్లో వేళకు నీళ్ళు, నీడ, మధ్యమధ్య తప్పనిసరి విశ్రాంతి ఏర్పాటు చేసి చూస్తే మూత్రపిండాల మీద దెబ్బ తగ్గినట్టు పరిశీలనల్లో కనిపించింది. ఉద్దానానికీ అదే కారణమని నేను చెప్పబోవటం లేదు. అది తేల్చవలసింది వైద్యులు. నేను ఎత్తిచూపేది ఒక్కటే. విశ్రాంతిని మనం విలాసాల జాబితాలో వేసుకుంటున్నాం. ఎక్కడో చెరకుతోటలో అది మందుల జాబితాలో వుంది.

ఎండలో పనిచేసేవాడి వొంటినిండా పట్టిన నొప్పికి ఏం దొరుకుతుంది? కాపడం పెట్టేవారు లేరు, పెట్టించుకునే పూట లేదు. కిరాణా కొట్లో బిళ్ళ దొరుకుతుంది. రెండు రూపాయలకో మూడు రూపాయలకో మర్నాటి కూలికి చెయ్యి లేస్తుంది. ఆ బిళ్ళ రోజూ వేసుకుంటే మూత్రపిండాలకు చేటని వైద్యశాస్త్రం చెపుతున్నది. ఆవిరిపెట్టెలో కూర్చుని చెమట పోయించుకోవటానికి నేను డబ్బు యిచ్చాను. వేసవిలో పొలంలో చెమటగా పోయిన నీటికి బదులు గుక్కెడు నీళ్ళు లేక ఆమె పెదనాన్న పనిచేశాడు. వేడి ఒకటే. ఒకరికది చికిత్స. మరొకరికి?

పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతులు కూడా యిక్కడ తలచుకోవాలి. ఆ పిక్క తొక్కలో వున్న నూనె చర్మాన్ని కాలుస్తుంది. అది తగిలిన వేళ్ళు నల్లబడతాయి, పొట్టు రేగుతాయి. జీడి పని వున్నచోటల్లా చేతులకు బూడిదో ఏదో నూనో పూసుకుని పిక్కలు కొట్టటం అలవాటు. పరిమళ తైలాల చికిత్సకు ఆ పేరు పెట్టినవాడు రెనె మారిస్ గట్టెఫోస్సె అనే ఫ్రెంచి రసాయనికుడు. 1910లో ప్రయోగశాలలో పేలుడు జరిగి అతని చేతులు కాలాయి. కుళ్ళుపట్టిన ఆ గాయానికి లావెండర్ తైలం వాడి చూశానని 1937లో ప్రచురించిన పుస్తకంలో చెప్పుకున్నాడు. ఆ పుస్తకం పేరే ఈ చికిత్సకు పేరయింది. ఒక రసాయనికుడి చేతులు కాలితే ఒక వైద్య విధానం, ఒక వ్యాపారం పుట్టాయి. పలాసలో నల్లబడిన వేలాది వేళ్ళనుంచి కనీసం మంచి చేతితొడుగు పుట్టటానికి ఎన్నాళ్ళు పట్టాలి?

భాగవతం దశమస్కంధంలో కుబ్జ కథ వుంది. నేను దాన్ని పదేళ్ళుగా పాఠం చెపుతున్నాను. ఈమధ్యనే దాన్ని చదివాననిపిస్తున్నది. మధురానగర వీధిలో ఒక ఆడమనిషి గంధం పళ్ళెం పట్టుకుని పోతున్నది. కంసుడికి మైపూతలు చేసియివ్వటం ఆమె పని. మూడుచోట్ల వంగిన శరీరం. కృష్ణుడు అడిగితే ఆ గంధం ఆయనకూ, అన్నకూ యిచ్చింది. ఆయన ఆమె పాదాలమీద పాదం వుంచి, గడ్డం కింద రెండువేళ్ళు ఆనించి పైకెత్తగానే వెన్ను తిన్ననైంది. భక్తికి దక్కిన ఫలమని వ్యాఖ్యాతలు చెప్పారు. నేనూ అట్లాగే పరీక్షలకు రాయించాను. ఆ వంకర చాకిరీవల్ల వచ్చిందని పోతన ఎక్కడా అనలేదు. అన్నాడని నేను యీడ్చుకురావటం అన్యాయమవుతుంది. అయినా ఒక సంగతి కథలోనే వుంది. రాజుగారి వొంటికి రోజూ హాయి కలిగించేది ఆ ఆడమనిషి. ఆమె వెన్ను వంగి వున్నదని ఆ రాజు ఒక్కనాడూ చూడలేదు. ఆమె చేతిలోని గంధం తీసుకున్నవాళ్ళలో ఆమె వెన్ను వంక చూసినవాడు ఒక్కడే. నేను కూడా బల్లమీద బోర్లా పడుకున్నాను. ఆ స్థితిలో చేతులు తెలుస్తాయి, చేతులు గల మనిషి కనబడదు.

అయితే స్పర్శ మాత్రమే దోషమా? కాదు. దీనికి ఉదాహరణ కూడా ఈ నేలలోనే వుంది. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో కసరత్తు నేర్చి, ఏనుగును రొమ్ముమీదికి ఎక్కించుకున్న కోడి రామమూర్తినాయుడి పేరు మన పిల్లలకు యింకా తెలుసు. ఆయన తిరిగిన తాలింఖానా సంప్రదాయంలో నూనె మర్దన ముఖ్యమైన భాగం. అక్కడ పహిల్వాన్లు ఒకరికొకరు వొళ్ళు పట్టుకునేవారు. ఈపూట నీ వీపు నా చేతికింద, రేపటిపూట నా వీపు నీ చేతికింద. అక్కడా నూనే, అక్కడా చెమటే, అక్కడా వొత్తే చేతులే. వంతు వుండటమొక్కటే తేడా. తాలింఖానాలు స్వర్గాలని నేను అనటంలేదు. అక్కడా గురువూ శిష్యుడూ వున్నారు, ఆడవాళ్ళకు గుమ్మం దాటే వీలుండేది కాదు. కాని వంతు అనే ఆ చిన్న ఏర్పాటులో చేసేవాడూ చేయించుకునేవాడూ అనే రెండు జాతులు స్థిరపడలేదు.

నా మిత్రుని ప్రశ్నకు నా జవాబు యిక్కడికి చేరింది. బల్ల ఎక్కి పడుకోవటం తప్పు కాదు. ఆ బల్ల ఒకరు ఎప్పుడూ ఎక్కేదీ, మరొకరు ఎప్పుడూ ఎక్కనిదీ కావటమే తప్పు. నా భుజంలోని నొప్పి మాయమైపోయిందని నేను సంతోషించాను. అందులో కొంత ఆమె బొటనవేలి మొదట్లోకి చేరింది. డబ్బు యిచ్చాం గదా అంటారు. ఇచ్చాను. ఆ డబ్బులో ఆమె మణికట్టు అరుగుదల ఏ పద్దు కింద వుంది? గది అద్దె వున్నది, తైలం ఖరీదు వున్నది, గోడమీది బుద్ధుడి బొమ్మ ఖరీదు కూడా వున్నది. యంత్రానికి నూనె వేసి ఆపి వుంచే విరామాన్ని కర్మాగారంవాడు ఖర్చుగా రాసుకుంటాడు. మనిషి చేతికి ఆ విరామాన్ని ఎవరూ రాయలేదు.

అయితే వెళ్ళటం మానేద్దామా? మా మిత్రుడు అదే అన్నాడు. నేను వొప్పుకోలేదు. నేను మానేస్తే ఆ అమ్మాయికి కలిగేది విశ్రాంతి కాదు, ఒక గిరాకీ తగ్గటం. రేపు ఆమె కూలి పోవటం. నా అంతరాత్మ శుభ్రపడుతుంది, ఆమె గది అద్దె బాకీపడుతుంది. మధ్యతరగతి మనస్సాక్షి తన మీది మరకను ఎప్పుడూ ఎదటివాడి ఖర్చుతోనే ఉతుక్కుంటుందని నాకొక అనుమానం.

మూడవసారి వెళ్ళినప్పుడు అక్కడి యజమానిని అడిగాను: ఒకరికీ మరొకరికీ మధ్య ఈ పిల్లలకు అరగంట వ్యవధి వుండకూడదా, ఈ బల్ల ఎత్తు వాళ్ళ నడుముకు తగినట్టు మార్చకూడదా, వారానికొక పూట వీళ్ళే ఒకరికొకరు యిదే నూనె, యిదే కాపడం పెట్టుకోవటానికి గది వొదలకూడదా అని. ఆయన మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. "సెలవురోజుల్లో రష్ ఎక్కువ మేడం, చూద్దాం" అన్నాడు. బల్ల ఎత్తు సంగతి మాత్రం ఆలోచిస్తానన్నాడు. ఆ అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి వింటున్నది. నేను బయటికి వచ్చేటప్పుడు వెంట వచ్చి, "మీరు అడిగింది నాను అడిగితే మాన్పించీసేవోరండి" అన్నది. తరువాత, "నలుగురం కలిసి అడగొచ్చేమో" అని తనలో తాను అన్నట్టు అన్నది.

మా కళాశాలలో వేసవి పత్రాలు దిద్దే చోట కూడా యిప్పటికి అవే కుర్చీలు. మేము ఎనభై మందిమి. కుర్చీల సంగతి ఎవరమూ, ఒక్కసారీ, కలిసి అడగలేదు.